ఆ బగ్ మాకు ముందే తెలుసు, తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులో మూడు వేలు పెట్టి గేమ్ కొన్నావు. ఇరవై రోజులు ఆడావు. 38 గంటల దగ్గర క్రాష్ అయింది, మళ్లీ తెరిస్తే సేవ్ ఫైల్, అంటే ఎక్కడిదాకా ఆడావో దాచిపెట్టే ఫైల్, పాడైపోయిందని చూపిస్తోంది. కరెంటు పోలేదు, లాప్‌టాప్ ఛార్జింగ్‌లోనే ఉందని కూడా రాశావు. చివర్లో మూడు అడిగావు: టెస్టర్లు నిద్రపోతున్నారా, కంపెనీలు కావాలనే ఇలా వదులుతున్నాయా, డబ్బో సేవో రెండిట్లో ఏదో ఒకటి వెనక్కి వస్తుందా.

మొదటి ప్రశ్న నాకే తగిలింది, ఎందుకంటే నువ్వు తిట్టిన ఆ నిద్రపోయేవాళ్లలో నేనూ ఒకణ్ణి. పదమూడేళ్లుగా గేమ్ టెస్టింగే నా బతుకుతెరువు. మాదాపూర్‌లో కాంట్రాక్టు టెస్టర్‌గా మొదలుపెట్టాను, ఇప్పుడు ఇంకో చోట ఒక చిన్న టీమ్‌కి లీడ్‌ని. కంపెనీల పేర్లు, నేను పనిచేసిన గేమ్‌ల పేర్లు మాత్రం అడగొద్దు, సంతకాలు పెట్టిన కాగితాలున్నాయి.

ముందు ఒక లిఫ్ట్ సంగతి చెప్తాను.

మేం టెస్ట్ చేసిన ఒక గేమ్‌లో గోడౌన్ లెవెల్ ఒకటి ఉండేది, అందులో సరుకుల లిఫ్ట్. అది పైకి వెళ్తుండగా ఇన్వెంటరీ, అంటే హీరో దగ్గరున్న సామాన్ల జాబితా, తెరిచి, తుపాకీ మార్చి, మూసేస్తే హీరో లిఫ్ట్ నేలలోంచి జారి కిందికి పడిపోయేవాడు. పడి చస్తే గొడవే లేదు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. చావడు. నేలా గోడలూ లేని బూడిదరంగు శూన్యంలో అలా పడుతూనే ఉంటాడు. పడుతున్న ఆ టైంలో ఆటోసేవ్ జరిగిందంటే, అంటే గేమ్ తనంతట తానే సేవ్ చేసుకుందంటే, ఇక అంతే సంగతులు, ఎన్నిసార్లు లోడ్ చేసినా పడుతూనే కనిపిస్తాడు. మా టీమ్‌లో నిజామాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె రాత్రి షిఫ్టులో దీన్ని పట్టుకుంది. పదిసార్లు చేసి చూస్తే మూడుసార్లు వచ్చింది. వీడియో తీసింది, బిల్డ్ (టెస్టింగ్‌కి ఎప్పటికప్పుడు వచ్చే గేమ్ కాపీ) నంబర్ వేసింది, ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో వరసగా రాసింది, 'ఏ' క్లాస్ బగ్ అని పెట్టింది. మాలో 'ఏ' అంటే గేమ్ ఆగిపోయేది, 'బి' అంటే ఇబ్బంది పెట్టేది, 'సి' అంటే కళ్లకు మాత్రమే కనిపించేది.

అప్పటికి విడుదలకు ఇంకా మూడు వారాలుంది. రెండు రోజులకు అవతలి నుంచి, అంటే గేమ్ తయారుచేస్తున్న దేశం నుంచి, ఒక లైను వచ్చింది: లిఫ్ట్‌లో ఉండగా ఇన్వెంటరీ ఎవరు తెరుస్తారు? 'ఏ' కాస్తా 'బి' అయింది. ఇంకో నాలుగు రోజులకు దాని పక్కన 'కేఎస్' అని పడింది. 'నోన్ షిప్పబుల్' అన్నమాట. తెలుసు, అయినా పంపేయొచ్చు అని అర్థం.

గేమ్ విడుదలైన నాలుగో రోజు యూట్యూబ్‌లో వీడియో వచ్చింది. అదే లిఫ్ట్, అదే హీరో, అదే పడిపోవడం, వెనకాల విషాద సంగీతం. కింద ఎక్కువ లైకులు వచ్చిన కామెంట్ ఏమిటంటే, టెస్టర్లకు ఇచ్చే జీతాలు దండగ అని. ఆ నిజామాబాద్ అమ్మాయి ఆ కామెంట్‌ని స్క్రీన్‌షాట్ తీసి తన మానిటర్‌కి వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. ఆ ఉద్యోగం మానేసేదాకా అదే ఉంది.

ఆ లైను రాసిన ప్రొడ్యూసర్ మీద నాకు అప్పట్లో చాలా కోపం ఉండేది. ఇప్పుడు సగమే ఉంది. ఆ బగ్ లిఫ్ట్‌ది కాదు. కదిలే వస్తువు మీద మనిషి నిలబడితే ఏం జరగాలో చెప్పే కోడ్‌ది. దాన్ని కదిపితే గేమ్‌లో ఉన్న ప్రతి రైలు, ప్రతి పడవ, ప్రతి లిఫ్ట్ మళ్లీ మొదటి నుంచి టెస్ట్ చేయాలి. చివరి వారాల్లో ఒక్క బగ్ సరిచేస్తే రెండు కొత్తవి పుట్టడం రోజూ చూసేదే. పాత పంచెకు ఒకచోట కుట్టు వేస్తే పక్కన చిరిగినట్టు ఉంటుంది. అందుకని చివరి దశలో దేన్నీ ముట్టుకోకపోవడమే మేలనుకుంటారు, అందులో న్యాయం లేకపోలేదు. కానీ మిగిలిన సగం కోపం ఎందుకంటే, రెండు వారాల తర్వాత ప్యాచ్‌లో, అంటే విడుదలయ్యాక పంపే దిద్దుబాటులో, వాళ్లు చేసింది చూస్తే ఆ కోడ్‌ని ముట్టుకోనే లేదు. లిఫ్ట్ కదులుతున్నంతసేపూ ఇన్వెంటరీ బటన్ పనిచేయకుండా చేశారు. అంతే. మధ్యాహ్నం భోజనానికి ముందు మొదలుపెడితే టీ టైంకి అయిపోయే పని. అది ముందే చేయొచ్చు. 'ఎవరు తెరుస్తారు' అనుకున్న దగ్గర ఆలోచన ఆగిపోయింది.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. విడుదలయ్యాక నిన్ను ఏడిపించే బగ్‌లలో చాలా వాటికి అప్పటికే ఒక నంబర్ ఉంటుంది. ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి షిఫ్టులో దాన్ని రాసి పెట్టే ఉంటారు. కనిపించాక దాన్ని ఏం చేయాలో తేల్చేది మేం కాదు.

అలాగని అన్నీ మాకు కనిపిస్తాయని గొప్పలు చెప్పను. లెక్క చూడు. ముప్పై మంది టెస్టర్లు, రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 పనిరోజులు అనుకుందాం. మొత్తం 60,000 గంటలు. గేమ్ విడుదలైన రోజు 10 లక్షల మంది తలా ఒక్క గంట ఆడితే 10 లక్షల గంటలు. మేం ఏడాదంతా చేసినదానికి పదహారు రెట్లు మీరు మొదటి గంటలోనే చేసేస్తారు. సగటున 2 లక్షల గంటలకు ఒకసారి వచ్చే బగ్ ఉందనుకో, మా ఏడాది పనిలో అది ఒక్కసారి కూడా ఎదురుపడకపోవచ్చు. మీలో మాత్రం తొలి గంటకే ఐదుగురికి తగులుతుంది, ఆ ఐదుగురిలో ఒకడి దగ్గర రికార్డింగ్ ఆన్‌లో ఉంటుంది. పీసీ అయితే ఇంకా కష్టం. మా ల్యాబ్‌లో ఓ ఇరవై రకాల మెషీన్లు ఉంటే మహా గొప్ప. బయట ఎన్ని గ్రాఫిక్స్ కార్డులు, వాటిని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు ఎన్ని, అమీర్‌పేటలో అసెంబుల్ చేయించినవి ఎన్ని!

సేవ్ ఫైళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది, ఇది బయటివాళ్లకు తట్టదు. మాకు దాదాపు రోజూ కొత్త బిల్డ్ వస్తుంది. కొత్త బిల్డ్‌లో నిన్నటి సేవ్ తరచూ పనిచేయదు. పదో మిషన్ టెస్ట్ చేయాలంటే డీబగ్ మెనూలోంచి (టెస్టర్లకు మాత్రమే ఉండే మెనూ) నేరుగా పదో మిషన్‌కి దూకుతాం. మొదటి నుంచి చివరిదాకా ఒకే సేవ్ మీద, నీలాగా దొరికిన ప్రతి సామానూ మూటగట్టుకుంటూ, 38 గంటలు ఆడిన టెస్టర్లు మా ఆఫీసులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నీ సేవ్ లాంటి సేవ్ మా దగ్గర పుట్టడమే కష్టం.

ఇది ఊరికే చెప్పడం లేదు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 విడుదలైనప్పుడు ఇలాంటి బగ్గే పీసీ వాళ్లను కాల్చింది. సేవ్ ఫైల్ 8 ఎంబీ దాటితే పాడైపోయేది. ఎవరిది దాటుతుంది? వస్తువులు తెగ తయారుచేసి, పోగేసి, మ్యాప్‌లో మూలమూలా తిరిగినవాళ్లది. అంటే గేమ్‌ని అందరికంటే ఎక్కువ ప్రేమించినవాళ్లది. కంపెనీ మొదట చెప్పింది ఏమిటంటే సామాను తగ్గించుకోండి, పాత సేవ్ నుంచి ఆడండి అని. డిసెంబర్ 23 ప్రాంతంలో 1.06 ప్యాచ్ వచ్చి ఆ 8 ఎంబీ పరిమితి తీసేసింది. అప్పటికే పాడైన ఫైళ్లు మాత్రం బాగుపడలేదు.

రెండో ప్రశ్నకు, అంటే కావాలనే వదులుతున్నారా అన్నదానికి, జవాబు చెప్పాలంటే ఈ గేమ్‌కి మించిన ఉదాహరణ లేదు. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

తయారుచేసింది పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్. గేమ్ గురించి 2012లోనే ప్రకటించారు. విడుదల 2020 ఏప్రిల్ 16 అన్నారు. తర్వాత సెప్టెంబర్ 17 అన్నారు. తర్వాత నవంబర్ 19. అక్టోబర్ 5న 'గోల్డ్' అయిందన్నారు, అంటే డిస్కులు ముద్రించడానికి మాస్టర్ కాపీ సిద్ధమైందని. ఇక వాయిదా ఉండదని అందరూ సెలవులు పెట్టుకున్నారు. అక్టోబర్ 27న మళ్లీ 21 రోజులు వాయిదా వేశారు. పాత కన్సోళ్లు (టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి మెషీన్లు), కొత్త కన్సోళ్లు, పీసీ అన్నీ కలిపి తొమ్మిది వెర్షన్లు ఒకేసారి సిద్ధం చేసి టెస్ట్ చేయాలి, అదీ కారణం. ఈ పని చేసేవాడెవడైనా ఆ మాట విన్న రోజే గుండెల మీద చేయి వేసుకుని ఉంటాడు. ఒక టీమ్ ఒక గేమ్‌ని తొమ్మిది రకాలుగా, అదీ చివరి మూడు వారాల్లో! అయితే ఆ వాయిదా ప్రకటించినప్పుడు కొందరు ఆటగాళ్లు డెవలపర్లకు చంపుతామని బెదిరింపులు పంపారు. ఇది కూడా గుర్తుపెట్టుకో. ఆలస్యం చేస్తే చంపుతామన్నారు, ఆలస్యం చేయకుండా వదిలితే తిట్టారు.

డిసెంబర్ 10న వచ్చింది. పీసీలో మనకు తెల్లవారుజామున 5:30కి తెరుచుకుంది. మంచి పీసీ ఉన్నవాళ్లకు అక్కడక్కడా బగ్‌లున్న మంచి గేమ్. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లో మాత్రం చూడలేకపోయాం. దగ్గరికి వెళ్లేదాకా మనుషుల ముఖాలు మైనపు ముద్దల్లా ఉండేవి, కార్లు కళ్ల ముందే పుట్టి మాయమయ్యేవి, గంటకోసారి గేమ్ మూసుకుని హోమ్ స్క్రీన్‌కి వచ్చేసేది. కారణం తర్వాత కంపెనీవాళ్లే చెప్పారు. అంత కిక్కిరిసిన నగరాన్ని ఆ పాత కన్సోళ్ల నెమ్మది హార్డ్‌డిస్క్‌లోంచి ఎప్పటికప్పుడు తోడి తెరమీదికి తేవాలి. ఆ తోడే పని వాళ్లనుకున్న దానికంటే చాలా కష్టమైంది.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. అమెరికాలో, యూరప్‌లో అప్పటికే ప్లేస్టేషన్ 5 వచ్చేసింది. మన దేశానికి అది వచ్చింది 2021 ఫిబ్రవరి 2న. అంటే ఆ డిసెంబర్‌లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్లేస్టేషన్ మీద ఈ గేమ్ ఆడాలనుకున్నవాడికి ప్లేస్టేషన్ 4 తప్ప వేరే దారి లేదు. అందరికంటే పాడైన వెర్షనే మనవాళ్ల చేతికి వచ్చింది.

మరి ముందే ఎందుకు తెలియలేదు? విడుదలకు ముందు రివ్యూలు రాసేవాళ్లకు పీసీ కాపీలే ఇచ్చారు. తాము రికార్డు చేసిన వీడియో చూపించొద్దని, కంపెనీ ఇచ్చినదే వాడాలని షరతు పెట్టారు. పాత కన్సోల్‌లో గేమ్ ఎలా ఉందో విడుదలయ్యేదాకా కొనేవాడికి తెలిసే దారి మూసేశారు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో బగ్‌ల కంటే పెద్ద తప్పు ఇదే. బగ్ ఉండడం ఒక ఎత్తు, చూడనివ్వకపోవడం ఇంకో ఎత్తు. పెళ్లిచూపుల్లో అక్కను చూపించి పీటల మీద చెల్లెల్ని కూర్చోబెట్టడం లాంటిది.

డిసెంబర్ 14న క్షమాపణ చెప్పి, అక్కర్లేనివాళ్లు డబ్బు వెనక్కి తీసుకోవచ్చన్నారు. 18న సోనీ ఏకంగా ఆ గేమ్‌ని తన స్టోర్‌లోంచి తీసేసింది. అంత పెద్ద గేమ్‌కి అలా జరగడం నేనెప్పుడూ చూడలేదు. తిరిగి పెట్టింది 2021 జూన్ 21న. అప్పుడు కూడా మామూలు ప్లేస్టేషన్ 4లో ఇంకా ఇబ్బందులు ఉండొచ్చని, ప్లేస్టేషన్ 4 ప్రో గానీ ప్లేస్టేషన్ 5 గానీ అయితే మేలని ఒక మాట రాసి మరీ పెట్టింది.

ఇప్పుడు డబ్బు లెక్క. విడుదలకు ముందే 80 లక్షల ప్రీ-ఆర్డర్లు వచ్చాయి. ఆ ముందస్తు డిజిటల్ అమ్మకాల్లో తమ వాటాతోనే గేమ్ తయారీ ఖర్చూ, ఆ ఏడాది ప్రచారం ఖర్చూ దాటేశామని కంపెనీయే ప్రకటించింది. రిఫండ్లు పోను డిసెంబర్ 20 నాటికి 1 కోటి 30 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. ఇదంతా క్రిస్మస్ ముందు జరగాలి. ముహూర్తం పెట్టేసి, శుభలేఖలు పంచేసి, ఊరంతా వచ్చి పందిట్లో కూర్చున్నాక సాంబారు ఉడకలేదని పెళ్లి ఆపగలవా? మూడుసార్లు ఆపారు. నాలుగోసారి ఆపలేకపోయారు. పాత కన్సోళ్ల మీద ఇంకా పని కావాలన్న సూచనలు కనిపించినా పట్టించుకోలేదని ఆ తర్వాత పెట్టుబడిదారుల సమావేశంలో వాళ్ల పెద్దలే ఒప్పుకున్నారు. కావాలని చెడగొట్టలేదు, చెడిందని తెలిసీ వడ్డించారు. ఈ రెండిటికీ తేడా ఉందని నేనంటాను. పళ్లెం ముందు కూర్చున్నవాడికి ఆ తేడా అక్కర్లేదని నువ్వంటావు. నీ మాటా నిజమే.

మరి సోనీ, మైక్రోసాఫ్ట్‌లు తమ కన్సోల్ మీదికి వచ్చే గేమ్‌ని పరీక్షించవా అని నీ ప్రశ్న కింద ఎవరో అడిగారు. పరీక్షిస్తాయి, సర్టిఫికేషన్ అంటారు. కంట్రోలర్ వైరు పీకితే గేమ్ ఆగుతుందా, సేవ్ అవుతుండగా ఆపొద్దని హెచ్చరిక చూపిస్తోందా, ఇలాంటి పెద్ద జాబితా ఉంటుంది. గేమ్ బాగుందా, ముఖాలు సరిగా వస్తున్నాయా అన్నది వాళ్ల పరీక్ష కాదు. కొన్నిటికి, మొదటి రోజు ప్యాచ్‌లో సరిచేస్తామని మాటిస్తే వదిలేస్తారు కూడా. సైబర్‌పంక్ అలా ఎలా దాటిందని అడిగితే, విడుదల నాటికి మేం సరిచేస్తామని వాళ్లు నమ్మి ఉంటారు అన్నట్టు కంపెనీ జవాబిచ్చింది.

ఈ మొదటి రోజు ప్యాచే అసలు జబ్బు. ఇంటర్నెట్ లేని రోజుల్లో క్యాసెట్ గేమ్‌లలో బగ్‌లు ఉండేవి కావని మా బావమరిది వాదిస్తాడు. ఉండేవి బాబూ. 1996లో వచ్చిన పోకెమాన్‌లో మిస్సింగ్‌నో అనే చెల్లాచెదురు బొమ్మ ఎంత పేరు మోసిందో! 1982లో అటారీ కంపెనీ 'ఈ.టీ.' గేమ్‌ని ఐదారు వారాల్లో చేయించి పండగకు వదిలితే, అమ్ముడుపోని క్యాసెట్లను అమెరికాలో అలమొగోర్డో అనే ఊరి చెత్తకుప్పలో పూడ్చాల్సి వచ్చింది. 2014లో తవ్వితే నిజంగానే దొరికాయి. తేడా ఒక్కటే. అప్పుడు తప్పు చేస్తే దిద్దే వీల్లేదు కాబట్టి భయం ఉండేది. ఇప్పుడు 'తర్వాత చూద్దాం' అనే మాటకు చోటు దొరికింది. మా మీటింగుల్లో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే: డే-వన్‌లో వేసేద్దాం. అది డే-థర్టీ అవుతుంది, డే-నైంటీ అవుతుంది.

'కానీ సైబర్‌పంక్ తర్వాత బాగుపడింది కదన్నా' అని ఇద్దరు ముగ్గురు రాశారు. అవును. 2022 ఫిబ్రవరిలో 1.5 ప్యాచ్, 2023 సెప్టెంబర్‌లో 2.0, దాని వెంటే ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ. నేను ఆడాను, చాలా బాగుంది. అయితే ఆ 2.0 ప్లేస్టేషన్ 4కి, ఎక్స్‌బాక్స్ వన్‌కి రాలేదు. 2020లో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవాళ్లకు ఆ బాగుపడిన గేమ్ అందలేదు. వెర్షన్ మారడానికి డబ్బు అడగలేదు నిజమే, కానీ ముందు వేలకు వేలు పోసి కొత్త కన్సోల్ కొనుక్కోవాలి. 'చివరికి బాగుచేశారు' అనేవాళ్లందరూ ఈ సంగతి దాటేస్తారు. నో మ్యాన్స్ స్కై అనే గేమ్ విషయంలో మాత్రం నేను ఒప్పుకుంటాను. 2016లో చెప్పిందొకటి, ఇచ్చిందొకటి అయిన ఆ చిన్న టీమ్ తర్వాత ఏళ్ల తరబడి పైసా అడగకుండా అప్‌డేట్లు ఇస్తూనే ఉంది, మొదట కొన్నవాళ్లకు కూడా. కానీ అలాంటివాళ్లు ఎంతమంది? చాలా గేమ్‌లకు రెండు ప్యాచ్‌లు వచ్చి టీమ్ వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోతుంది.

సరే, నీ సంగతికి వద్దాం.

మొట్టమొదట ఆ గేమ్‌ని మళ్లీ తెరవకు. ఇంటర్నెట్ ఆపు. ఎందుకంటే స్టీమ్ (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) వాళ్ల క్లౌడ్ లాంటివి నీ పాడైన ఫైల్‌నే సరైనదనుకుని పైకి ఎక్కించేస్తాయి, లేదా నువ్వు తిరిగి పెట్టిన మంచి ఫైల్ మీద పాడైనదాన్ని దించేస్తాయి. నెట్ ఆపాక సేవ్ ఫోల్డర్ వెతుకు. సాధారణంగా డాక్యుమెంట్స్‌లో, సేవ్డ్ గేమ్స్‌లో, లేదంటే యాప్‌డేటాలో ఉంటుంది. ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకో చోట కాపీ చేసి పెట్టుకో. ఏం చేసినా ఆ కాపీ జోలికి వెళ్లకు.

ఇప్పుడు ఫైళ్ల సైజులు చూడు. మిగతావన్నీ రెండు మూడు ఎంబీలు ఉండి ఒకటి మాత్రం 0 కేబీ అనో, సగమే అనో ఉంటే పాడైంది అదే. గేమ్ ఆ ఫైల్ రాస్తుండగా చచ్చిపోయింది. జాగ్రత్తగా చేసిన గేమ్‌లు పాత ఫైల్ మీదే రాయవు. కొత్తది పక్కన వేరే పేరుతో రాసి, అది పూర్తయిందని చూసుకున్నాకే పాతదాని స్థానంలో పెడతాయి. అలా చేస్తే మధ్యలో క్రాష్ అయినా, కరెంటు పోయినా నీకు పోయేది చివరి పది నిమిషాలే. నీ గేమ్ అలా చేయలేదంటే అది నీ తప్పు కాదు, నీ లాప్‌టాప్ తప్పూ కాదు. ఫోల్డర్‌లో 'బ్యాక్' అనో, 'టెంప్' అనో, వెనక 1, 2 అనో ఉన్న పాత ఫైళ్లు ఉంటే చెప్పు. చాలాసార్లు పాడైనదాన్ని పక్కకు తీసి, దాని ముందటి ఫైల్‌కి అదే పేరు పెడితే తెరుచుకుంటుంది. 38 గంటలు కాకపోయినా 36 రావచ్చు.

డబ్బు విషయంలో ఆశ పెట్టను. స్టీమ్‌లో కొంటే నియమం ఏమిటంటే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపు ఉండాలి. నీకు రెండూ దాటిపోయాయి. అయినా ఆ గడువు దాటినవాళ్ల అర్జీలు కూడా చూస్తామని వాళ్లే రాసుకున్నారు. పెట్టు, పోయేదేం లేదు. అందులో కోపం రాయకు. ఫలానా తేదీన క్రాష్ అయింది, సేవ్ పోయింది, కంపెనీ సపోర్ట్‌కి రాస్తే ఈ జవాబు వచ్చింది అని మూడు ముక్కల్లో రాసి స్క్రీన్‌షాట్లు జతచేయి. జవాబు ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. మూడు వేల కోసం అంతదూరం వెళ్లాలా అంటే అది నీ ఓపిక. కన్సోల్ వాడేవాళ్లకు ఒక మాట: ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెడితే మామూలుగా రిఫండ్ ఉండదు. గేమే లోపంతో ఉంటే తప్ప అని వాళ్ల నియమంలోనే ఉంది, ఆ మాట పట్టుకుని అడగండి.

ఈ రిఫండ్ సౌకర్యాన్ని చిన్నచూపు చూడొద్దు. 2015 జూన్ మొదట్లో స్టీమ్ ఈ పద్ధతి తెచ్చింది. అదే నెల 23న బ్యాట్‌మన్ ఆర్కమ్ నైట్ పీసీలో దారుణమైన స్థితిలో వచ్చింది. జనం తిడుతూనే డబ్బు కూడా వెనక్కి లాక్కున్నారు. ఒకట్రెండు రోజుల్లో దాన్ని విడుదల చేసిన వార్నర్ బ్రదర్స్ పీసీ అమ్మకాలే ఆపేసింది. మళ్లీ అక్టోబర్ ఆఖర్లో గానీ అమ్మలేదు. అంతకుముందు ఏడాది ముఖాల్లేని మనుషులతో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ వచ్చినప్పుడు కూడా తిట్లకు కొదవలేదు. కానీ గేమ్ అమ్ముడవుతూనే ఉంది. మా మీటింగుల్లో కూడా తిట్ల స్క్రీన్‌షాట్లు చూసి నవ్వుకున్నారు గానీ, రిఫండ్ గ్రాఫ్ చూసి నవ్వినవాణ్ణి నేను చూడలేదు.

ఇక నువ్వు కంపెనీకి పెట్టిన మెసేజ్ ఇక్కడ కూడా అతికించావు. 'గేమ్ చెత్త, క్రాష్ అవుతోంది, నా 38 గంటలు ఎవడిస్తాడు' అని. నిజం చెప్తున్నాను, ఇలాంటివి రోజుకు వందలు వస్తాయి, సపోర్ట్‌లో కూర్చున్న కుర్రాడు కాపీ-పేస్ట్ జవాబు కొట్టి మూసేస్తాడు. మా దాకా రాదు. మా దాకా రావాలంటే ఇలా ఉండాలి:

'గేమ్ వెర్షన్ ఇది. విండోస్ 11, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఇది, డ్రైవర్ తేదీ ఇది. వంతెన మిషన్ అయ్యాక కుడివైపు మూల ఆటోసేవ్ గుర్తు తిరుగుతుండగా ఆల్ట్-ట్యాబ్ కొట్టాను. తెర నల్లబడి గేమ్ మూసుకుపోయింది. పాత సేవ్ నుంచి మళ్లీ చేసి చూశాను, 4 సార్లలో 2 సార్లు ఇలాగే అయింది. పాడైన సేవ్, దాని ముందటి సేవ్, క్రాష్ ఫైల్ జతచేశాను.'

ఇది చూస్తే మాలో ఎవడైనా కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. '4 సార్లలో 2' అన్న ఒక్క ముక్క బంగారం. మళ్లీ తెప్పించగలిగే బగ్‌ని 'మాకు రావడం లేదు' అని మూసేయలేరు. ఇంకో సంగతి, లోపల అది అప్పటికే 'కేఎస్' అయి ఉన్నా బయటి నుంచి ఇలాంటివి ఓ పది వస్తే మళ్లీ తెరుస్తారు. మా లిఫ్ట్ బగ్ అలాగే తెరుచుకుంది. వీడియో వల్ల కాదు, బ్రెజిల్ నుంచి ఎవరో పంపిన ఒక శుభ్రమైన రిపోర్ట్ వల్ల. అందులో ఆ నిజామాబాద్ అమ్మాయి రాసిన స్టెప్సే దాదాపు మక్కీకి మక్కీ ఉన్నాయి.

ప్రీ-ఆర్డర్ గురించి కూడా ఎవరో అడిగారు. నేను 2015 తర్వాత ఒక్కటీ చేయలేదు. డిజిటల్ కాపీలు అయిపోవు, ముందు కొన్నందుకు ఇచ్చేది ఒక రంగు చొక్కా. రెండు వారాలు ఆగితే చాలు, నీ కన్సోల్ మీద, నీ కార్డు మీద ఆడిన వీడియోలు వస్తాయి. విడుదలకు ముందు పీసీ వీడియోలే చూపించి కన్సోల్ సంగతి ఎత్తడం లేదంటే అందులో ఏదో ఉందనే అనుకో.

నువ్వు ముందు చేయాల్సింది ఆ ఫోల్డర్ చూడడం. అందులో ఏయే ఫైళ్లున్నాయి, ఏది ఎన్ని కేబీలు, ఏ టైంకి మారింది, ఈ మూడూ రాసి కింద పెట్టు. ఫోటో తీసి పెట్టినా సరే. ఇవాళ మా దగ్గర కొత్త బిల్డ్ వచ్చింది, షిఫ్టు అయ్యేసరికి పది దాటుతుంది. ఆ తర్వాత కూర్చుని చూస్తాను. అప్పటిదాకా గేమ్ తెరవకు, క్లౌడ్ ఆన్ చేయకు.